ఐస్లాండు ఏటిదారులు – పెద్ద చక్రముల బండి

ఐస్లాండు దేశమును గూర్చి మన పత్రికలలో వచ్చు వ్యాసములు సాధారణముగా వేడినీటి బుగ్గలను గూర్చియు, అగ్నిపర్వతములను గూర్చియు, చలికాలపు రాత్రులలో ఆకాశమున నాడు పచ్చని వెలుగులను గూర్చియు చెప్పుచుండును. అవి యన్నియు చూడదగినవియే. కాని 2022 వేసవిలో ఆ దేశపు రాజధానియగు రేక్యవిక్ నగరమున మా అమ్మాయి యింట రెండు నెలలున్న మమ్ము మొదటి దినముననే ఆశ్చర్యపరచినది వేరొకటి. అది వారి బండ్ల చక్రములు.

కూరగాయల దుకాణము ముందు చిన్నకార్ల సరసన ఒక జీపు నిలిచియుండెను. దాని చక్రము మా నడుమువరకు వచ్చినది. డెబ్బదియేండ్లు దాటిన ఒక ముసలమ్మ చేతిసంచితో దానినుండి దిగి, మెట్టుమీద కాలాన్చి, చీమకుట్టినట్లయిన లేకుండ దుకాణములోనికి నడచిపోయినది. మన హైదరాబాదులోను విశాఖపట్టణములోను పడుచువాండ్రు జీపులకు లావుటైర్లు తగిలించి బజారులలో త్రిప్పుట మేము చూచియున్నాము. ఇదియు నట్టి షోకే యని మొదట తలంచితిమి. షోకు కొంత లేకపోలేదు. కాని దాని మూలమునందున్నది అవసరము.

ఆ దేశపు విస్తీర్ణము 1,03,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణముకంటె కొంచెము తక్కువ. జనసంఖ్య నాలుగులక్షల లోపు. ఆ జనమంతయు సముద్రపుటొడ్డుననే కాపురముండును. తీరమువెంబడి దీవిని చుట్టివచ్చు మార్గము, 1వ నంబరు రోడ్డు, 1974వ సంవత్సరమున పూర్తియైనది. దాని పొడవు 1,300 కిలోమీటర్లకు పైచిలుకు. నడుమనున్నదంతయు లావా బయళ్లు, నల్లని యిసుక, మంచుదిబ్బలు. ఆ లోపలిభాగమునకు పోవు దారులకు అంకెముందు ‘ఎఫ్’ అను నక్షరముండును. అవి యేటిలో రెండుమూడు మాసములు మాత్రమే తెఱచియుండును. నాలుగు చక్రములకును ఇంజను బలమందు బండ్లు తప్ప వేరొకటి వానిపై పోరాదు. వంతెనలు కొన్నిచోట్ల లేవు. ఏరు వచ్చినచో ఏటిలోనికి దిగవలసినదే. అట్లని దారి విడిచి యెక్కడబడిన నక్కడ తోలుటకు వీలులేదు. ఆ నేలపై మొలచు నాచు ఒకసారి చక్రము క్రింద చితికెనా, మరల పెరుగుటకు దశాబ్దములు పట్టును. కావున దారి దప్పించి తోలినవారికి గట్టి జరిమానా కలదు. నేల గడ్డకట్టి పైన మంచు కప్పియున్నప్పుడు మాత్రమే ఆ నిషేధమునకు సడలింపు.

ఆ మంచుమీదనే పెద్ద చక్రములు పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధమున 1940లో ఆంగ్లేయసేనలును, మరుసటి యేట అమెరికా సేనలును ఆ దీవిలో దిగినవి. వారితో వచ్చిన జీపులు తరువాత రైతుల చేతులలో పడినవి. మంచులో అవి కూరుకొనిపోవుచుండెడివి. 1980 దశకము నాటికి అక్కడి మెకానిక్కులు చక్కని యుపాయము కనిపెట్టిరి: చక్రమును పెద్దదిగాను వెడల్పుగాను చేసి, అందలి గాలిని దాదాపు తీసివేయుట. లెక్క సులభము. రెండు టన్నుల బండికి ఒక్కొక్క చక్రముపై అయిదువందల కిలోల బరువు పడును. చదరపు అంగుళమునకు 30 పౌనుల గాలియున్న టైరు నేలను తాకు జాగా రెండు అరచేతులంత. అదే గాలిని 3 పౌనులకు దించినచో టైరు చపాతీపిండివలె పరచుకొని, రెండు విస్తళ్లు కలిపి పఱచినంత జాగా ఆక్రమించును. బరువు అంతటను పంచబడును గనుక మంచు దిగబడదు. దమ్ముచేసిన మడిలో దిగుటకు మన రైతులు ట్రాక్టరుకు ఇనుప పంజరపు చక్రములు తగిలించుకొనుటయు ఇట్టిదియే. కాని వానితో తారురోడ్డెక్కినచో రోడ్డు నాశనమగును. వీరి చక్రము గాలి నింపుకొని రోడ్డుమీదను, గాలి వదలి మంచుమీదను నడచును.

ఈ విద్య మన దేశమునకును పనికివచ్చినది. 2010 నవంబరులో భారతదేశపు శాస్త్రజ్ఞుల బృందము అంటార్కిటికాలోని మన ‘మైత్రి’ స్థావరమునుండి బయలుదేరి దక్షిణధ్రువమును చేరి తిరిగివచ్చినది. వారెక్కిన నాలుగు బండ్లు ఐస్లాండువారు 44 అంగుళముల టైర్లు తగిలించి మార్చిన టొయోటా హైలక్సులు. ధ్రువముదాక పోయివచ్చిన చక్రమును గూర్చి వంటయింటి మనుష్యులకేల యని యనుకొనవచ్చును. మా యింటివారి ప్రాణములు దానిమీద కొంత ఆధారపడెను గనుక తెలిసికొనవలసివచ్చినది.

మా అమ్మాయి తన సంపాదనలో మిగిల్చి యొక పాత టొయోటా ల్యాండ్ క్రూయిజరు కొన్నది. దాని కంపెనీ టైర్ల యెత్తు ముప్పదిన్నర అంగుళములు. వానిని తీసి 35 అంగుళములవి వేయవలెనని మా అల్లునికి కోరిక. థోర్స్‌మోర్క్ అను కొండలోయకు మమ్ము తీసికొనిపోవలెనని అతని యుత్సాహము. ఒక షెడ్డువారు రెండు దినములలో పని ముగించి బండి నప్పగించిరి. స్ప్రింగులు ఎత్తుగలవి వేసిరి. మంచపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టినట్లు, చాసిస్‌కును పైతొట్టికిని నడుమ రెండంగుళముల దిమ్మలు పెట్టిరి. వెడల్పు రిమ్ములపై క్రొత్త టైర్లు బిగించిరి. చూచుటకు దివ్యముగనే యుండెను.

జూన్ నెల చివర ఒక శనివారమున బయలుదేరితిమి. బండిలో మేమిద్దరము, అమ్మాయి, అల్లుడు, ఆరేండ్ల మనుమడు. వెనుక రెండు దినముల తిండి, పరుపులు, గొడుగులు. నగరము దాటి కొండయెక్కి దిగినచో క్వేరాగెర్ది అను నూరు. అక్కడ భూమిలోనుండి వచ్చు ఆవిరిని గొట్టములలో పట్టి, అద్దాల యిండ్లను వెచ్చచేసి, అందులో టమాటాలును దోసకాయలును పండింతురు. బయట చలిగాలి చెవులు కోయుచుండగా లోపల టమాటాతీగలు పందిరికెక్కియుండుట చూచినచో ఏ గృహిణికైనను ముచ్చటగలుగును.

సెల్ఫాస్ అను నూరిలో రోడ్లు కలియు గుండ్రని మలుపు తిరుగుచుండగా మొదటిసారి ఆ చప్పుడు వినవచ్చినది. బరబరమని, తడిగుడ్డ గరుకురాతిమీద ఈడ్చినట్లు, ఒక్క క్షణము. అల్లుడు “లోపలి ప్లాస్టిక్కు రేకు కొంచెం తగులుతున్నట్లుంది, అరిగి సర్దుకుంటుంది” అనెను. తిన్నని దారిలో చప్పుడు లేదు. క్వోల్స్‌వోల్లుర్ దాటి, సేల్యలాండ్స్‌ఫాస్ జలపాతమువద్ద రోడ్డు దిగితిమి. అరువది మీటర్ల యెత్తునుండి పడు ఆ నీటితెర వెనుకగా నడచిపోవుటకు కాలిబాట కలదు. అందరు దాని ఫొటోలు తీయుచుండిరి. మావారు మాత్రము బండి ముందుచక్రముకడ మోకాళ్లపై కూర్చుండిరి.

మావారు ముప్పదియేండ్లు బస్సుడిపోలో పనిచేసినవారు. చక్రపుగూటి వెనుకభాగమున చేయిపెట్టి తడిమి, అల్లుని పిలిచి చూపిరి. ముందుచక్రము వెనుక, గుమ్మము క్రిందుగా, రెండు రేకులు కలిపి అతికిన అంచొకటి కత్తివలె నిలిచియుండును. ఆ యంచు రంగుపోయి తళతళ మెఱయుచుండెను. టైరు భుజముమీద చుట్టును ఒక గాటు; ఒకచోట రబ్బరు తెగి లోపలి దారములు కనబడుచుండెను. వంద కిలోమీటర్లకు కొంచెము పైగా నడచునప్పటికే ఇంత! ముందున్నది రాళ్లదారి, ప్రతి గోతిలోను బండి క్రుంగును, ప్రతి మలుపులోను చక్రము తిరుగును. చివర క్రోస్సా యేరు.

ఇక్కడ మా సంకటము చదువరులు ఊహింపగలరు. అల్లుడు ఒక నెలనాళ్లుగా ఎదురుచూచిన ప్రయాణము. విడిదికి డబ్బు కట్టియున్నాడు. మనుమడు ఏరు దాటుదుమని బడిలో అందరికిని చెప్పివచ్చినాడు. అల్లుని మాట కాదనుట అత్తమామలకు సులభము కాదు. మావారు చూపవలసినది చూపి, చేతులు తుడుచుకొని, మాటాడక నిలిచిరి. బండి అమ్మాయిది. అది ఆ గాటుమీద వ్రేలు పెట్టి చూచి, “ఈ బండిలో పిల్లవాణ్ణి ఏట్లోకి దింపను. బస్సుంది కదా, బస్సులో పోదాం” అన్నది. అల్లుడు మాటాడలేదు. పావుగంట తరువాత తానే పోయి బస్సు వేళ కనుగొనివచ్చెను. మాకు అతనిపై గౌరవము పెరిగినది ఆ పావుగంటలోనే.

ఆ దారి నడుపు బస్సులు సామాన్యమైనవి కావు. లారీవంటి యెత్తైన చక్రములు గలవి. ఎడమవైపు మార్కర్‌ఫ్ల్యోట్ నది పరపు. కుడివైపున ఎయ్యఫ్యాత్లయోకుల్ అను మంచుకొండ. 2010 ఏప్రిలులో బూడిద క్రక్కి ఐరోపా విమానములను దినములతరబడి నిలిపివేసినది ఈ కొండయే. దారిప్రక్కన ఆ కొండనుండి జారు హిమనదము పాదమున పూర్వమొక మంచినీలపు కొలనుండెడిదట. ఆ యేటి వరదకు అది రాళ్లతోను ఇసుకతోను పూడిపోయినది. ఇప్పుడు అక్కడ రాతిబయలు మాత్రమే.

క్రోస్సా మంచుకరగు నీటి యేరు. సున్నపుతేటవంటి బూడిదవన్నె, అడుగు కనబడదు. ఒక పాయగా పారక జడలు విప్పినట్లు అనేక పాయలై, దినదినమును పాయలను మార్చుకొనుచుండును. నిన్న మోకాటిలోతున్న చోట నేడు నడుములోతుండవచ్చును. మేము పోయిన దినముననే, నడియేట అద్దెబండి యొకటి నిలిచిపోయి, ఇంజనుమీదుగా నీరు పొర్లుచుండ, ఇద్దరు యాత్రికులు పైకప్పుపై కూర్చుండియుండిరి. విడిదివారి ట్రాక్టరు వచ్చి గొలుసువేసి వారిని లాగినది. ప్రాణమునకు హాని లేదు, బండిమాట చెప్పనక్కరలేదు. అమ్మాయి ఆ దృశ్యమును చూచి ఏమియు ననలేదు. మనుమని చేయి మాత్రము గట్టిగా పట్టుకొన్నది.

ఆ వారమే బండిని వేరొక షెడ్డునకు కొనిపోయితిమి. అది నగరపు శివారున నొక రేకులకొట్టము. యజమాని వృద్ధుడు, రేకు కోయుట, అతుకుట చేయునది ఒక నడివయసు స్త్రీ. ఆ దేశమున ఇంటిపేరులు అరుదు. తండ్రి పేరునకు ‘సోన్’ చేర్చినచో కొడుకు, ‘దోత్తిర్’ చేర్చినచో కూతురు. పెండ్లియైనను స్త్రీ పేరు మారదు. టెలిఫోను పుస్తకములోను సొంతపేరు వరుసననే జనులుండెడివారు. 1980లో ఒక స్త్రీని ప్రజలు ఓట్లువేసి దేశాధ్యక్షురాలిగా ఎన్నుకొనుట ప్రపంచమున మొదట జరిగినది అక్కడనే. స్త్రీ చేతిలో గ్యాసుదివిటీ చూచి మేము తప్ప ఎవ్వరును విస్తుపోలేదు.

ఆమె బండి క్రింద దూరి, వెలుపలికి వచ్చి, మాకు చక్కగా బోధపఱచెను. అమ్మాయి తెలుగుచేసి చెప్పినది. రోటిలో పొత్రము అరిగినదని అంతకంటె లావుపొత్రము తెచ్చివేసినచో రోటి గోడకు రాచుకొనునుగదా; రోలునైనను తొలువవలెను, పొత్రమునైనను మార్చవలెను. రోలును ఎత్తుపీటమీద పెట్టినంతమాత్రమున రాపిడి పోదు. మొదటి షెడ్డువారు చేసినది ఎత్తుపీట వేయుట. ఎత్తు పెంచిన బండి ఖాళీగా నిలిచియున్నప్పుడు చక్రమునకును మడ్గార్డునకును నడుమ జానెడు సందు కనబడును, చూచువారికి తృప్తి. కాని స్ప్రింగు క్రుంగుటకే యున్నది. మనుష్యులెక్కి సామాను పెట్టి గోతిలో పడినప్పుడు ఆ సందంతయు మాయమగును. అప్పుడు చక్రము తిరిగియున్నచో, భుజము మడ్గార్డు వెనుకమూలకు కొట్టుకొనును.

ముందుచక్రమునకు రెండు కదలికలు. ఒకటి పైకి క్రిందికి, రెండవది కుడియెడమలకు. ఈ రెండును ఒక్కసారి కలిసివచ్చు చోటనే రాపిడి. చిన్నగదిలో పెద్దమంచము వేసి తలుపు తీసి చూచినట్లు, చక్రము తిరుగు వలయమంతయు లెక్కించి జాగా ఇవ్వవలెను. మా బండికి వెడల్పు రిమ్ము వేయుటచేత చక్రము ఒక అంగుళమునకు పైగా బయటికి జరిగెను. దానివలన లోపల చాసిస్‌కు తగులుట తప్పినది. కాని బయటికి జరిగిన చక్రము తిరుగునప్పుడు ఇంకను పెద్దవలయము చుట్టును. ఆ వలయమునకు అడ్డముగా నిలిచినదే మావారికి చేతికి తగిలిన రేకుటంచు. దాని వెనుకనే తొట్టిని చాసిస్‌కు బిగించు ఇనుపకొమ్మ యొకటి కలదు. రేకు తెగినచో టైరు ఆ కొమ్మకు తగిలెడిది. ఏటి నడుమ టైరు చీలినచో, లేక స్టీరింగు అక్కడ పట్టుకొన్నచో ఏమగునో ఆమె చెప్పలేదు, చెప్పనక్కరలేదు.

ఐస్లాండువారి పద్ధతి ఎత్తు పెంచుట తగ్గించి, కోత పెంచుట. ఎత్తైన కొలది బండి గాలికిని ఏటవాలునకును తూలును; ఆ దేశమున గాలి బస్సులను సైతము పడద్రోయును. కావున వారు మడ్గార్డును ధైర్యముగా కోసి, గూటిని పెద్దదిచేసి, కోసిన అంచును మరల అతికి, తుప్పుపట్టకుండ రంగువేసి, బయటికి వచ్చిన చక్రమును కప్పునట్లు వెడల్పు తొడుగు బిగింతురు. మరింత పెద్ద చక్రములకైనచో ఇరుసునే ముందునకో వెనుకకో జరుపుదురు. మా బండికి అంత అవసరము లేకపోయెను. ముందుగూళ్లను రెండంగుళములు కోసి, గుమ్మము క్రింది యంచును మడచి అతికి, ఆ యినుపకొమ్మ మూలను కోసి పలక వేసిరి. బండి క్రుంగుటకు హద్దుగానుండు రబ్బరుదిమ్మను కొంచెము పొడిగించిరి. స్టీరింగు చివరివరకు తిరుగకుండ ఆపు బోల్టును రెండు చుట్లు బయటికి త్రిప్పిరి. దీనివలన బండి మునుపటికంటె పెద్ద మలుపు తీసికొనును. సందులలో తిరుగుటకు ఒకసారికి రెండుసార్లు వెనుకకు రావలెను. అది మేమిచ్చిన మూల్యము. ఎత్తు పెరిగినందున బ్రేకు గొట్టములు బిగిసియుండుట గమనించి వానిని పొడవైనవి వేసిరి. మొదటివారు దీనిని చూడనేలేదు.

మాకు మిక్కిలి నచ్చినది వారి పరీక్ష. ముందు స్ప్రింగులు విప్పివేసి, జాకీతో ఒక చక్రమును పైకి, హద్దు తగులువరకు ఎత్తి, స్టీరింగును ఈ చివరనుండి ఆ చివరకు మెల్లగా త్రిప్పి చూచిరి. స్ప్రింగు లేనందున చక్రము పోగలిగినంత పైకి పోవును. దాచుకొన్న రాపిడి బయటపడును. సందు ఎంతయుండవలెనని అడిగితిమి. రెండు వ్రేళ్లు దూరవలెనట. ఒక్క వ్రేలు చాలదా యన్నచో, చలికాలమున గూటిలో మంచు పేరుకొని గడ్డకట్టును, దానికి కూడ జాగా విడువవలెనని సమాధానము. పిమ్మట స్ప్రింగులు బిగించి, టైరు భుజములకు సుద్దపొడి పూసి, మమ్మందరిని రమ్మనిరి. ప్రయాణములో ఎవరెక్కడ కూర్చుందురో అక్కడనే కూర్చుండవలెనట. సామానునకు బదులు ఇసుకబస్తాలు పెట్టుటకై ఒక్కొక్కరి బరువు నడిగెను. స్త్రీలను బరువడుగుట మర్యాద కాదందురు. అడిగినదియు స్త్రీయే గనుక చెప్పితిమి. మావారి బరువు చెప్పునప్పుడు మాత్రము ఆయన రెండు కిలోలు తగ్గించిరి, అమ్మాయి సరిదిద్దినది.

అందరు ఎక్కిన తరువాత ఆవరణలో దూలములు పఱచి, ఎనిమిది అంకెవలె చుట్లు త్రిప్పిరి. దిగి చూచినచో ఎడమగూటి పైభాగమున చింతగింజంత సుద్దమరక. కుడివైపు ఏమియు లేదు. ఖాళీబండితో ఆ మరక రాలేదని ఆమె చెప్పెను. అక్కడ మరి కొంచెము కోసి, మరల త్రిప్పి, మరక లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే రంగువేసిరి. వెనుకతలుపునకు వ్రేలాడు అయిదవచక్రమును కూడ అదే కొలతది వేసి, దాని బరువునకు తలుపుబందులను బలపఱచిరి. చిన్నచక్రము అక్కరకు వచ్చిననాడు, మూడు పెద్దవి ఒక చిన్నది చేరి ఇంజనుబలము పంచు పండ్లచక్రములను చెడగొట్టునట.

ఇక లెక్కల విషయము. చక్రము పెద్దదైనప్పుడు ఒక్కచుట్టునకు నడచు దూరము పెరుగును. పాతమీటరు 80 చూపుచున్నప్పుడు బండి నిజముగా దాదాపు 92 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఊరిబయట తారురోడ్డుపై ఆ దేశపు హద్దు 90. మీటరు సరిదిద్దించి, మార్చిన బండిగా తనిఖీచేయించి, కాగితములలో ఎక్కించుకొన్న తరువాతనే రోడ్డెక్కవలెను. బండి బరువుగా లాగుచుండెను. డీజిలు ఎక్కువ త్రాగుచుండెను. ఇంకను పెద్ద టైర్లు వేయువారు గేరుపండ్లను కూడ మార్పింతురు. మన దేశమున ఇట్టి కోతలు కోయదలచువారు ఒక సంగతి యెఱుగవలెను: 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీ మొదట నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను కాగితము విరుద్ధమగునట్లు బండిని మార్చరాదు. టైరు కొనుటకుముందు ఆ మోడలునకు కంపెనీ యే కొలతలను అనుమతించెనో చూచుకొనుట క్షేమము.

జూలై నెల చివర మరల బయలుదేరితిమి. సెల్ఫాస్ మలుపులో అందరమును ఊపిరి బిగబట్టితిమి. చప్పుడు లేదు. జలపాతము దాటి రాళ్లదారి యెక్కు ముందు అల్లుడు టైర్ల గాలిని 18 పౌనులకు దింపెను. బండి కుదుపు తగ్గి, గోనెసంచిమీద నడచినట్లు మెత్తగా పోయెను. చిన్నయేళ్లు పది పండ్రెండు దాటితిమి. ప్రతి యేటి తరువాతను మావారు దిగి గూటిలో చేయిపెట్టి చూచుచుండిరి. మూడవసారికి అల్లుడే ముందు దిగెను.

క్రోస్సా ఒడ్డు చేరునప్పటికి ఉదయము తొమ్మిది గంటలు. చల్లనివేళ మంచు తక్కువ కరగును గనుక ఉదయమున నీరు తక్కువ. అల్లుడు తొందరపడక, విడిది కావలివారిని అడిగి రేవు గుర్తించెను. బస్సు దాటినచోట దాటవలెననుకొనుట పొరపాటు. బస్సు చక్రమునకు లోతు కానిది జీపునకు లోతగును. నీరు వెడల్పుగా పరచుకొని చిన్నచిన్న అలలతో గలగలలాడుచోట లోతు తక్కువ. నిశ్చలముగా నూనెవలె పారుచోట లోతెక్కువ. ఏటికి అడ్డముగా కాక, ప్రవాహముతో కొంచెము దిగువకు వాలుగా, తక్కువగేరులో, ఒకే నడకను, నడుమ ఆగకుండ, గేరు మార్చకుండ దాటవలెను. నీరు తలుపు సగమువరకు వచ్చినది. అడుగున రాళ్లు దొరలుట కాళ్లకు తెలియుచుండెను. నడియేట ఒక పెద్దరాయి తగిలి ఎడమచక్రము గూటిలోనికి పూర్తిగా లేచెను. అదే క్షణమున అల్లుడు స్టీరింగు కుడికి త్రిప్పెను. క్రుంగుట, తిరుగుట రెండును కలిసిన చోటది. మావారు కండ్లు మూసికొని చెవి యొగ్గిరి. నీటిహోరు తప్ప వేరు చప్పుడు లేదు. అమ్మాయి ముందరి పిడి విడువలేదు. చక్రములు గులకరాళ్లను పట్టుకొని ఒడ్డెక్కినవి.

థోర్స్‌మోర్క్ అనగా థోరు దేవుని వనమని యర్థము. చెట్లు కరవైన దేశమున మూడు హిమకిరీటముల నడుమ దాగిన భూర్జవనమది. ఐస్లాండు అడవిలో దారి తప్పినచో లేచి నిలబడిన చాలునని వారే పరిహాసమాడుదురు. ఇక్కడి చెట్లు మాత్రము మా తలలకంటె ఎత్తుగానుండెను. ఆకుసందులనుండి ఎండ జల్లెడపట్టినట్లు పడుచుండగా పులిహోర విప్పితిమి. రెండవబండివారు, తండ్రియు ఇద్దరు బిడ్డలును, ప్రక్కనే కూర్చుండిరి. వారికి పెట్టితిమి. మిరపకాయ తీసివేసి తినిరి, బదులుగా ఎండుచేప ముక్క ఇచ్చిరి. మేము శాకాహారులమని చెప్పుటకు మొగమాటమైనది.

మధ్యాహ్నము ఎండ కాచినది. ఎండ కాచిన దినమున సాయంకాలపు యేరు ఉదయపు యేరు కాదు. అయిదు గంటలకు ఒడ్డునకు వచ్చి చూచినచో మేము దాటినచోట నాటిన కఱ్ఱ గుర్తు కనబడలేదు. అల్లుడు ఇంజను ఆపి, “రాత్రికి తగ్గుతుంది, ఉందాం అత్తయ్యగారూ” అనెను. ఉండితిమి. ఆ కాలమున అక్కడ చీకటి పడుటకు పదకొండైన చాలదు. మిగిలిన పులిహోర తిని, మనుమనికి కథలు చెప్పి, గొంగళ్లు కప్పుకొని యేటిని చూచుచు కూర్చుంటిమి. పది దాటిన తరువాత చలి హెచ్చినది, హోరు తగ్గినది, కఱ్ఱ తల కనబడినది. పదిన్నరకు దాటితిమి. నీరు ఉదయముకంటె నాలుగు వ్రేళ్లు మాత్రమే ఎక్కువ.

తారురోడ్డెక్కుముందు టైర్లలో గాలి నింపవలెను. మెత్తనిటైరు వేగమునకు వేడెక్కి చెడును. క్వోల్స్‌వోల్లుర్‌లోని పెట్రోలుబంకు మూసియున్నను గాలిగొట్టము పనిచేయుచుండెను. అక్కడ గాలికి డబ్బడుగరు. మనుమడు నిద్రలేచి వచ్చి, గొట్టము పట్టుకొని, మీటరు ముల్లు కదలినకొలది తెలుగులో పంతొమ్మిది, ఇరువది, ఇరువదియొకటి అని లెక్కపెట్టెను. ముప్పదివరకు నాలుగు చక్రములకును వాడే లెక్కపెట్టినాడు. మేము చలికి వణకుచు నిలుచుంటిమి.